ఆక్సిజన్ ఎక్కడికి పోయిందో రాయి

భీమవరం

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కణం గ్లూకోజ్ నుంచి శక్తిని ఎలా రాబట్టుకుంటుందో తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకే నాకు చాలా సంతోషంగా ఉంది. మాస్టారూ అని పిలిచావు కాబట్టి మాస్టారిలాగే మాట్లాడతాను.

మొదటి వాక్యం "మైటోకాండ్రియా కణానికి పవర్‌హౌస్". అది తీసెయ్. తప్పని కాదు. పదో తరగతిలో బట్టీపట్టిన మాట మళ్లీ కనబడగానే, ఇదంతా నాకు తెలిసిందేగా అని పాఠకుడు పేజీ తిప్పేస్తాడు.

అసలు సంగతికి వస్తాను. మన భాషలో ఇక్కడో చిక్కుంది. ముక్కుతో పీల్చేదీ శ్వాసే, కణం లోపల జరిగేదీ శ్వాసక్రియే. ఆ రెండూ కలిసిపోయి నువ్వు "పీల్చిన ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌గా మారి బయటికి వస్తుంది" అని రాశావు. చాలామంది అలాగే అనుకుంటారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాదమ్మా. కణం వాడుకున్న ఆక్సిజన్ నీరవుతుంది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లోని కార్బన్ తిన్న అన్నంలోది. అందులోని ఆక్సిజన్ కూడా గ్లూకోజ్ నుంచీ, కణంలోని నీటి నుంచీ వచ్చిందే.

ఇది పాఠకుడికి నమ్మకంగా చెప్పాలంటే ఒక్క గ్లూకోజ్ అణువు వెంట నడవాలి. దానికి ఆరు కార్బన్లు. కణద్రవ్యంలో పది మెట్లలో అది రెండు ముక్కలవుతుంది, ఒక్కోదానికి మూడు కార్బన్లు. అదే పైరూవిక్ ఆమ్లం. కణం శక్తిని చిల్లర డబ్బులా వాడుకునే అణువు ఏటీపీ. ఈ పనికి కణం ముందు రెండు ఏటీపీలు ఖర్చుపెడుతుంది, తర్వాత నాలుగు తీసుకుంటుంది. దాళ్వాకి, అదే రెండో పంట వరికి, విత్తనాలకీ, దమ్ముకీ ముందు మన చేతి డబ్బే పెడతాం కదా, అలాగ. మిగిలింది రెండు. తర్వాత పైరూవిక్ ఆమ్లం మైటోకాండ్రియాలోకి వెళ్తుంది. అక్కడ ఒక్కో ముక్క నుంచి ఒక కార్బన్ ఊడిపోతుంది. మిగతా రెండేసి కార్బన్లు హాన్స్ క్రెబ్స్ 1937లో వివరించిన చక్రంలోకి చేరతాయి. చక్రం తిరిగేసరికి లెక్కప్రకారం ఆరు కార్బన్లూ కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోయినట్టే. చేతికి ఇంకో రెండు ఏటీపీలు వస్తాయి.

చూశావా, గ్లూకోజ్ అయిపోయింది. ఆక్సిజన్ ఇంకా రంగంలోకే రాలేదు. నీ వ్యాసంలో పాఠకుడు ఉలిక్కిపడాల్సిన చోటు ఇదే. నువ్వు దీన్ని అరవాక్యంలో దాటేశావు. ఇక్కడ ఆగు. శక్తిలో ఎక్కువ భాగం ఎన్‌ఏడీహెచ్ లాంటి అణువులు మోసుకెళ్లే ఎలక్ట్రాన్లలో ఉంది. మైటోకాండ్రియా లోపలి పొరలో ఆ ఎలక్ట్రాన్లు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి దిగుతూ వస్తాయి. ఆ వరసలో ఆఖరున నిలబడి వాటిని అందుకునేది ఆక్సిజన్. అందుకుని, హైడ్రోజన్ అయాన్లతో కలిసి నీరవుతుంది.

ఆ ఆఖరి మనిషి లేకపోతే ఏమవుతుందో నేను పుస్తకంలో కంటే ముందు చెరువు గట్టు మీద చూశాను. మా బావ రొయ్యల చెరువు. తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోయింది, జనరేటర్ స్టార్ట్ కాలేదు, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) కూడా రాత్రిపూట రొయ్యలతోపాటు దాన్ని వాడుకునేదే. అందుకే సూర్యోదయానికి ముందే డీవో, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోతుంది. తెల్లారేసరికి రొయ్య అంచులకొచ్చి పైకి తేలింది. మేత లోటేమీ లేదు. వాటి కణాల్లో గ్లూకోజ్ ఉంది. ఎలక్ట్రాన్లను అందుకునేవాళ్లే లేరు. దాంతో వెనక వరసంతా నిలిచిపోతుంది, క్రెబ్స్ చక్రం కూడా ఆగుతుంది. పైరూవిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చుకుంటూ, గ్లూకోజ్‌కి రెండు ఏటీపీలతో కాసేపు నెట్టుకురావాలి, అంతే. ఆ ఉదయం మా బావ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మురుగు డ్రెయిన్ మూసుకుపోతే పైనున్న చేలన్నిట్లో నీళ్లు దిగకుండా నిలిచిపోతాయి. మనవాళ్లకి ఈ పోలిక వెంటనే అందుతుంది, వాడుకో. కానీ డ్రెయిన్ నీళ్లను తీసుకుపోతుంది, ఆక్సిజన్ తానే నీరైపోతుంది. పోలిక ఎక్కడిదాకా పనికొస్తుందో కూడా ఒక ముక్క రాయి.

ఇంకొన్ని దిద్దుబాట్లు. ఒక గ్లూకోజ్‌కి 38 ఏటీపీలు అన్నావు. పాత పుస్తకాల్లో అదే ఉంటుంది. ఇప్పటి లెక్క 30 నుంచి 32. ఎలక్ట్రాన్ల శక్తితో పొరకి ఒక పక్కకి తోడిన హైడ్రోజన్ అయాన్లు తిరిగొచ్చేటప్పుడు ఒక ఎంజైమ్‌ని తిప్పుతాయి, ఆ తిరుగుడులో ఏటీపీ తయారవుతుంది. కానీ కొన్ని అయాన్లు పొరలోంచి కారిపోతాయి, కొన్ని సరుకు రవాణాకి ఖర్చవుతాయి. అందుకే దిగుబడి తగ్గింది. "బంధాలు తెగి శక్తి వస్తుంది" అన్నదీ మార్చు. బంధం తెంచడానికి శక్తి కావాలి. నీటిలో, కార్బన్ డయాక్సైడ్‌లో ఏర్పడే కొత్త బంధాలు మరింత గట్టివి కాబట్టి మొత్తం మీద శక్తి విడుదలవుతుంది.

ఒక్కటి మాత్రం నాకు కష్టం కలిగించింది. ఏటీపీ గురించి నాలుగు పేజీలు రాశావు, యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు లేదు. ఆయన 1895లో పుట్టింది ఈ భీమవరంలోనే. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీని గుర్తించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. మనవాడన్న ప్రేమతో లోమన్ పేరు దాచొద్దు. ఇద్దరినీ రాయి, సుబ్బారావు గారు దానివల్ల వీసమెత్తు తగ్గరు.

ఆక్సిజన్ పేరా ముందు రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం. వీలైతే ఒకరోజు తెల్లవారకముందే రా, చెరువు దగ్గరికి తీసుకెళ్తాను. డీవో మీటర్ నీ చేత్తోనే నీళ్లలో ముంచి చూద్దువుగాని.

ఆశీస్సులతో,
మీ మాస్టారు