నేనే వెనకాడాను, ఇప్పుడు టీకా వేసుకోమని ఏ ముఖంతో చెప్పాలి?

ప్రశ్న: నా వయసు 31. ఒక పెద్ద ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. కొవిడ్ టీకా వచ్చినప్పుడు అందరికంటే ముందు మాకే ఇచ్చారు. నేను మాత్రం నాలుగు నెలలు వాయిదా వేశాను. అప్పుడే పెళ్లైంది. టీకా వేసుకుంటే పిల్లలు పుట్టరని తోటివాళ్లు అంటుంటే భయపడ్డాను. ఆ మధ్యలోనే నాకు కొవిడ్ వచ్చింది. జ్వరం మొదలైన ముందురోజు వరకు డ్యూటీ చేశాను. అదే వారం మా వార్డులో ఒక పెద్దాయనకు కూడా సోకింది. ఆయన కోలుకున్నారు గానీ, నా వల్లే వచ్చిందేమోనన్న బాధ ఇప్పటికీ పోలేదు. తర్వాత రెండు డోసులూ వేసుకున్నాను. ఇప్పుడు రెండేళ్ల పాప ఉంది, రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. ఈసారి మా వార్డులో ఫ్లూ టీకాల బాధ్యత నాకు అప్పగించారు. మళ్లీ అవే సందేహాలు, అవే మాటలు. ఏమని చెప్పాలి? నేను వేసుకోవచ్చా?

డాక్టర్ సలహా: ముందు ఆ పెద్దాయన సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బరువుగా తోచింది అదే. ఆయనకు ఎవరి నుంచి సోకిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరమ్మా. పక్క మంచం రోగి కావచ్చు, చూడటానికి వచ్చిన బంధువు కావచ్చు, మీరూ కావచ్చు. మీరు కాదని చెప్పి ఊరడించడం నాకు ఇష్టం లేదు. మీరు నర్సు, ఆ మాట నమ్మరు. కొవిడ్ వైరస్ లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇతరులకు అంటుకోగలదు. ఒంట్లో బాగానే ఉందనుకుని డ్యూటీకి వచ్చిన మనిషిని దోషి అనలేం. టీకా వేసుకుని ఉంటే ఆ ముప్పు తగ్గేది, పూర్తిగా పోయేది మాత్రం కాదు. ఇన్నేళ్లు ఆ బరువు మోశారు. ఇక దించుకోండి.

ఏ ముఖంతో చెప్పాలని అడిగారు. ఆ ముఖంతోనే చెప్పండి. మొదటి రోజే చెయ్యి చాపిన నాలాంటివాళ్లు మాట్లాడితే వార్డులో అది ఉపన్యాసంలా వినిపిస్తుంది. నాలుగు నెలలు వెనకాడిన మీకు వెనకాడేవాళ్ల మనసు తెలుసు.

పైగా మీరు ఒంటరి కాదు. టీకాలు కొద్దిగా ఉన్నప్పుడు ముందు ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు వైరస్ సోకే ముప్పు ఎక్కువున్న ఆరోగ్య సిబ్బందిని మొదటి వరుసలో నిలిపారు. అది ఊరికే చేసిన గౌరవం కాదు. 2020 జనవరి నుంచి 2021 మే వరకు కొవిడ్ వల్ల 80,000 నుంచి 1,80,000 మంది ఆరోగ్య సిబ్బంది చనిపోయి ఉంటారని ఆ సంస్థే అంచనా కట్టింది. అయినా 2021 సెప్టెంబరు నాటికి 119 దేశాల లెక్కలు చూస్తే, సగటున ప్రతి ఐదుగురు సిబ్బందిలో ఇద్దరికే పూర్తి డోసులు పడ్డాయి. చాలా దేశాలకు టీకాలే సరిగా అందలేదు కాబట్టి ఆ వెలితినంతా సిబ్బంది భయం ఖాతాలో రాయకూడదు. కానీ టీకా ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉన్నచోట కూడా కొందరు రాలేదు. డాక్టర్లు వచ్చినంతగా నర్సులు రాలేదు. నర్సులు వచ్చినంతగా ఆయాలు, వార్డు బాయ్‌లు, పారిశుద్ధ్య సిబ్బంది రాలేదు. చాలా దేశాల సర్వేల్లో ఇంచుమించు ఇదే వరస కనిపించింది. చదువు తక్కువ కాబట్టి అర్థం కాలేదని కొందరు తేలిగ్గా తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను.

ఎందుకో చెబుతాను. టీకాలు మొదలైన రెండో వారం, ఐసీయూలో నేల తుడిచే ఒకామె టీకా గదిలోకి వచ్చింది. కుర్చీలో కూర్చుని, యూనిఫాం చెయ్యి భుజం దాకా మడిచి, నర్సు దూది తీసేలోపు మళ్లీ కిందికి లాక్కుంది. సూదంటే భయమా అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "జ్వరం వస్తే రెండు రోజులు రాలేను డాక్టరమ్మా. ఆ రెండు రోజుల కూలీ పోతుంది. మూడో రోజు వచ్చేసరికి నా చోట ఇంకొకరు ఉంటారు" అంది. ప్రతిదేహాలు, అంటే వైరస్‌తో పోరాడేందుకు ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్లు, ఎలా తయారవుతాయో బొమ్మలు వేసి చెప్పడానికి నేను ఎంతో సిద్ధపడి ఉన్నాను. అందులో ఒక్కటీ ఆమె ప్రశ్నకు జవాబు కాదు. ఆ సాయంత్రం వాళ్ల సూపర్‌వైజరుతో కూర్చుని, టీకా తర్వాత జ్వరం వస్తే కూలీ కోయబోమని మాట తీసుకున్నాం. మరుసటి వారం ఆమె తనంతట తానే వచ్చింది, తోటివాళ్లు నలుగురిని వెంటబెట్టుకుని.

అందుకే మీకు నా మొదటి సలహా ఏమిటంటే, టీకా గురించి ఒక్క మాట చెప్పే ముందు, ఎవరికి ఏది అడ్డమవుతోందో అడిగి తెలుసుకోండి. కొందరికి టీకా మీద నమ్మకం ఉండదు. కొందరికి "ఇన్నేళ్లు రోగుల మధ్యే ఉన్నాం, మనకేం కాదు" అన్న ధీమా. ఇంకొందరికి అసలు వీలే చిక్కదు. టీకా గది ఉదయం పదింటికి తెరిచి సాయంత్రం నాలుగింటికి మూసేస్తే, రాత్రంతా మేల్కొన్న నర్సు ఇంటికి వెళ్లాలా, దాని కోసం కాచుకోవాలా? చల్లపెట్టెలో టీకాలు పెట్టుకుని నైట్ డ్యూటీ వేళ వార్డుకే వెళ్లండి. అలా వెళ్తే, మాట్లాడి ఒప్పించాల్సినవాళ్లు ఎంత తక్కువమంది మిగులుతారో మీరే చూస్తారు.

ఇక మిమ్మల్ని ఆపిన ఆ పుకారు. ఆరోగ్య సిబ్బందిలో మూడింట రెండు వంతుల మంది స్త్రీలే, కాబట్టి పిల్లలు పుట్టరన్న మాట ఆసుపత్రుల్లో అంతగా పాకడంలో ఆశ్చర్యం లేదు. గర్భంలో బిడ్డకు పోషణ అందించే మాయ ఏర్పడటానికి సిన్సిటిన్-1 అనే ప్రోటీన్ కావాలి. కొవిడ్ వైరస్ పైన ముళ్లలా పొడుచుకొచ్చే ముల్లు (స్పైక్) ప్రోటీన్ దాన్ని పోలి ఉందని, టీకా పుట్టించే ప్రతిదేహాలు మాయను కూడా దెబ్బతీస్తాయని 2020 చివర్లో ప్రచారం చేశారు. ఆ రెండింటికీ చెప్పుకోదగ్గ పోలిక లేదు. అదే నిజమైతే, కొవిడ్ వచ్చి తగ్గినవాళ్లలో కూడా ఆ ప్రతిదేహాలే తయారవుతాయి కదా, వాళ్లకూ గర్భం నిలవకూడదు. అలా ఎక్కడా జరగలేదు. టీకా తర్వాత కొందరికి ఆ నెల బహిష్టు సగటున ఒక రోజు లోపే ఆలస్యమైంది, తర్వాత సర్దుకుంది. ఇది నిజం, దాచకుండా చెప్పండి. మొదటి ప్రయోగాల్లో గర్భిణులను చేర్చుకోకపోవడం కూడా నిజమే. ఆ ఖాళీలోనే పుకారు పెరిగింది. తర్వాత గర్భిణులు పెద్ద సంఖ్యలో వేసుకున్నారు, వాళ్ల వివరాలు భరోసా ఇచ్చాయి. ప్రమాదం ఎక్కువగా కనిపించింది గర్భంతో ఉండగా కొవిడ్ సోకినవాళ్లలోనే: ఐసీయూ అవసరం, నెలలు నిండని కాన్పులు. మీ పాప ఫోటో మీ ఫోనులో ఉంటుంది కదా. ఒక్క పాప శాస్త్ర రుజువు కాదని నాకూ తెలుసు. అయినా భయపడుతున్న అమ్మాయికి ఆ ఫోటో చూపించండి.

"ఏడాదిలోపే తయారైన టీకాను ఎలా నమ్మాలి" అని ఇప్పటికీ అడుగుతారు. వైరస్ ప్రోటీన్‌ను ఎలా తయారుచేయాలో మన కణాలకు చెప్పే రకం కొవిడ్ టీకాను ఎం.ఆర్.ఎన్.ఏ. టీకా అంటారు. దానికి దారి తీసిన కీలక పరిశోధనను శాస్త్రవేత్తలు కారికో, వైస్‌మన్ 2005లోనే ప్రచురించారు. 2023లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అంటే పునాది పదిహేనేళ్ల ముందే పడింది. "వేసుకున్నా వచ్చింది కదా" అన్నవాళ్లతో వాదించకండి. వచ్చింది, నిజమే. సోకకుండా ఆపే శక్తి నెలలు గడిచేకొద్దీ, వైరస్ మారేకొద్దీ తగ్గింది. ప్రాణాల మీదికి రాకుండా కాపాడే శక్తి ఎక్కువకాలం నిలిచింది. ఈ టీకా తర్వాత కుర్రవాళ్లలో అరుదుగా గుండె కండరం వాచిన సంగతి కూడా అడిగితే చెప్పండి. దాచిన నిజం ఒక్కటి బయటపడితే, చెప్పిన పది నిజాల మీదా నమ్మకం పోతుంది.

ఫ్లూ టీకాకు వద్దాం. సూదితో వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు, కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరం రావచ్చు. తిరుగుతున్న వైరస్‌తో టీకా బాగా సరిపోయిన ఏడాది కూడా అది ఫ్లూతో డాక్టరు దగ్గరికి వెళ్లే అవసరాన్ని 40 నుంచి 60 శాతం వరకే తగ్గిస్తుంది. ఆ అంకె విని పెదవి విరిచేవాళ్లుంటారు. అలాంటివాళ్లను మీ వార్డులో ఆయాసంతో పడుకున్న ముసలివాళ్ల మంచాల వైపు ఒకసారి చూడమనండి. ఫ్లూ కూడా లక్షణాలకు ఒక రోజు ముందే అంటుకోగలదు. రక్షణ ఏర్పడటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి సీజను ముదిరేదాకా ఆగవద్దు.

వేసుకోనివారి పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టనివ్వకండి. అందరి ముందు నిలదీయకండి. డ్యూటీ మారే వేళ, ఒక్కొక్కరితో, పక్కకు పిలిచి మాట్లాడండి. 2021లో ఇటలీ, ఫ్రాన్స్ ఆరోగ్య సిబ్బందికి టీకా తప్పనిసరి చేశాయి. అది ప్రభుత్వాలు తేల్చుకోవలసిన విషయం, మీ నెత్తిన వేసుకోకండి. ఎవరైనా వద్దన్నా సరే, వచ్చే వారం మళ్లీ పలకరించండి. మీరూ నాలుగు నెలలు తీసుకున్నారు.

మీ టీకా సంగతి. నిస్సందేహంగా వేసుకోవచ్చు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడే కాదు, గర్భం ఏ నెలలో ఉన్నా సూదితో వేసే ఫ్లూ టీకా వేసుకోవచ్చు. ముక్కులో పిచికారీ చేసే టీకాలో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది, గర్భిణులు దాన్ని తీసుకోకూడదు. ఆరు నెలలు నిండని పసిబిడ్డకు ఫ్లూ టీకా ఇవ్వరు. గర్భంలో ఉండగా తల్లి వేసుకుంటే ఆమె ప్రతిదేహాలు బిడ్డకు చేరి ఆ నెలల్లో కాపాడతాయి. కొవిడ్ బూస్టరు విషయం మీ గైనకాలజిస్టుతో మాట్లాడి నిర్ణయించుకోండి. ఇంతకుముందు ఏ టీకాకైనా ఊపిరాడని స్థాయిలో అలర్జీ వచ్చి ఉన్నా, ఫ్లూ టీకా వేసుకున్న ఆరు వారాల్లో గిలాన్-బారీ సిండ్రోమ్ (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ బలహీనపడే అరుదైన జబ్బు) వచ్చి ఉన్నా ముందే చెప్పండి. జ్వరం గట్టిగా ఉంటే తగ్గాక వేసుకోండి. వేసుకున్నాక పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోండి, వార్డులో ఎంత పని ఉన్నా సరే. జ్వరం వస్తే పారాసిటమాల్ చాలు. రెండు రోజులు దాటినా తగ్గకపోతే అది టీకా జ్వరం అనుకుని ఊరుకోకుండా పరీక్ష చేయించుకోండి, అప్పటివరకు డ్యూటీకి వెళ్లకండి.