హీరోనా, విలనా, గ్రే పాత్రా: పాఠకుడు ఎవరి వెంట పడతాడు?

పాఠకులకు హీరోలు ఇష్టమా, విలన్లా, లేక మంచీ చెడూ కలగలిసిన గ్రే పాత్రలా అని మీరు అడిగారు. మొదటి నవల రాస్తున్నానని, హీరో మరీ మంచివాడైపోయాడు కాబట్టి కొంచెం గ్రే షేడ్ కలపమని స్నేహితులు ఒత్తిడి చేస్తున్నారని కూడా రాశారు. వాళ్ల మాట ప్రకారం మార్చేసే ముందు ఇది ఒకసారి చదవండి.

నేను చాలా ఏళ్లుగా ఒక చదువరుల బృందంలో ఉన్నాను. అందరం ఒకే పుస్తకం చదివి వచ్చి, కూర్చుని వాదించుకుంటాం. తెలిసిన రచయితలు కొందరు అచ్చుకు ఇచ్చే ముందు రాతప్రతి పంపి, ఎలా ఉందో చెప్పమంటారు. ఈ రెండు పనుల వల్ల నాకు కుదిరిన అభిప్రాయం ఒకటి ఉంది. పాఠకుడు పాత్ర మంచితనానికి మార్కులు వేసి ఇష్టపడడు. రెండు దారుల మధ్య ఇరుక్కుని, ఒకటి ఎంచుకుని, దాని ఫలితాన్ని తన నెత్తిన మోసే మనిషి ఎక్కడ కనిపిస్తే అతని వెంట పడతాడు. ఆ మనిషి హీరో అయినా సరే, విలన్ అయినా సరే. గ్రే పాత్రల్లో ఈ ఇరకాటం సహజంగానే ఎక్కువ. వాటికి ఇంత గిరాకీ అందుకే.

మా బృందంలో మీకు ఇష్టమైన పాత్ర ఎవరు అని అడిగితే చాలామంది మంచివాళ్ల పేర్లే చెబుతారు. చర్చ మొదలయ్యాక మాత్రం సమయమంతా తప్పు చేసినవాళ్ల మీదే గడిచిపోతుంది. అలా ఎందుకు చేశాడు, ఇంకేం చేయగలిగేవాడు, మనమైతే ఏం చేసేవాళ్లం అన్న ప్రశ్నలు వచ్చాయంటే ఆ రోజు ఇంటికి వెళ్లడం ఆలస్యమే. ఒక నవలలోని మోసగాడి గురించి మాట్లాడుకుంటున్నప్పుడు మా బృందంలోని ఒక పెద్దావిడ, "వీడికి మా పిల్లనైతే ఇవ్వను. కానీ వీడు లేని పేజీలన్నీ గబగబా తిప్పేశాను" అన్నారు. మనిషిగా దగ్గరకు రానివ్వాలనిపించేవాడు ఒకడు, పాత్రగా వదల్లేకపోయేవాడు ఇంకొకడు. మీ ప్రశ్నలో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి. విడదీసి చూస్తే సగం చిక్కు అక్కడే వీడుతుంది.

తెలుగులో దీనికి గిరీశం కంటే పెద్ద సాక్ష్యం లేదు. 1897లో మొదటిసారి అచ్చయి, 1909లో చాలా మార్పులతో మళ్లీ వచ్చిన కన్యాశుల్కంలో నిజాయితీకి ప్రతినిధి సౌజన్యారావు పంతులు. నాటకం చదివినవాళ్లలో కూడా ఆయన మాటలు గుర్తున్నవాళ్లు తక్కువ. గిరీశం మాటలు మాత్రం నాటకం చదవనివాళ్లకు కూడా వచ్చు. అతను అబద్ధాలకోరు, అవకాశవాది. అయినా అతను రాగానే మనకు హుషారు వస్తుంది. ఎందుకంటే ఈసారి ఈ చిక్కులోంచి ఎలా బయటపడతాడో చూడాలనిపిస్తుంది. నాకు మాత్రం అతని కంటే మధురవాణి ఎక్కువ. వేశ్య అని లోకం పక్కన పెట్టిన మనిషి, మోసగాళ్లతో వాళ్ల ఆటే ఆడుతూ, ఆ నాటకంలో అందరికంటే ఎక్కువ మేలు చేసి వెళ్తుంది. ఆమె వేసే ప్రతి ఎత్తు వెనకా ఒక లెక్క ఉంది, దాని పక్కనే జాలీ ఉంది. గ్రే పాత్ర అనగానే నేను మొదట తలుచుకునేది ఆమెనే.

గ్రే పాత్రలు ఈ తరం కనిపెట్టినవన్నట్టు కొందరు మాట్లాడతారు. అది సరికాదు. విషాద నాటకానికి నాయకుడు మరీ ధర్మాత్ముడూ కాకూడదు, మరీ దుర్మార్గుడూ కాకూడదు, మధ్యస్థంగా ఉండి తన పొరపాటు వల్ల పతనమయ్యేవాడు కావాలని అరిస్టాటిల్ క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలోనే చెప్పాడు. మన దగ్గర కాళిదాసు కంటే ముందువాడైన భాసుడు ఊరుభంగం రాశాడు. అందులో తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుడి దగ్గరకు అతని చిన్న కొడుకు వస్తాడు, ఎప్పటిలాగే ఒళ్లో కూర్చోబోతాడు. తండ్రి వద్దనాల్సి వస్తుంది. జూదం, ద్రౌపదికి జరిగిన అవమానం ఏదీ మనం మరిచిపోలేదు, అయినా ఆ క్షణంలో గొంతు పట్టేస్తుంది. ఇక 1977 నాటి దానవీరశూరకర్ణ సంగతి తెలిసిందే. ఎన్టీఆర్ అందులో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ వేస్తే, జనం ఇప్పటికీ ఒప్పజెప్పేది దుర్యోధనుడి డైలాగులు.

కర్ణుడి గురించి ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే మా బృందంలో అందరికంటే ఎక్కువ గొడవ జరిగింది ఆయన మీదే. పుట్టగానే తల్లి వదిలేసింది, సభల్లో కులం పేరుతో అవమానించారు, కవచకుండలాలు దానమిచ్చాడు అని ఆయన్ని హీరోగా నిలబెట్టేవాళ్లు ఒకవైపు. నిండు సభలో ద్రౌపదిని నానా మాటలన్నవాడు, అభిమన్యుడి విల్లు విరిచినవాడు అని ఇంకోవైపు. రెండు పక్షాలూ చెప్పేది భారతంలో ఉన్నదే. నాకు మాత్రం కర్ణుడు అంటే ఉద్యోగపర్వంలో కృష్ణుడితో రథం మీద మాట్లాడే ఆ ఘట్టమే. పాండవులందరికీ నువ్వే పెద్దవాడివి, వస్తే రాజ్యం నీదే అని కృష్ణుడు చెబుతాడు. కర్ణుడు రానంటాడు. దుర్యోధనుడి సంతోషం కోసం పాండవులను అన్న కఠినమైన మాటలకు ఇప్పుడు బాధపడుతున్నానంటాడు. నా పుట్టుక సంగతి ధర్మరాజుకు చెప్పొద్దు, తెలిస్తే అతను రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను దాన్ని తీసుకెళ్లి దుర్యోధనుడికి ఇచ్చేస్తాను అని కూడా అంటాడు. గెలవాల్సింది ఎవరో ఆయనకు తెలుసు. తాను ఓడే పక్షాన ఉన్నాననీ తెలుసు. తెలిసి కూడా మాట తప్పడు. ఆ నిర్ణయాన్ని ఎవరూ ఆయన మీద రుద్దలేదు. అంత స్పష్టంగా చూసి ఎంచుకున్నాడు కాబట్టే ఇన్ని శతాబ్దాలుగా మనం ఆయన్ని వదల్లేకపోతున్నాం.

ఇప్పుడు మీ స్నేహితుల మాటకు వద్దాం. మంచివాడు బోరు కొడతాడని వాళ్ల వాదన. మంచివాళ్లలో అందరికంటే ముందుండే ధర్మరాజును చూడండి. అబద్ధం ఆడడన్న పేరు ఉన్నందుకే ద్రోణుడు కొడుకు సంగతి ఆయన్నే అడుగుతాడు. ధర్మరాజు అశ్వత్థామ చనిపోయాడని గట్టిగా అని, ఏనుగు అన్న మాట వినపడకుండా అంటాడు. అంతవరకూ నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణంలో నేలకు దిగిపోతుంది. కథ అక్కడితో ఆగదు. చివర్లో స్వర్గానికి వెళ్తే అక్కడ దుర్యోధనుడు వైభవంగా కూర్చుని ఉంటాడు, తమ్ముళ్లు నరకంలో కనిపిస్తారు. నాకు ఆ స్వర్గం వద్దు, వీళ్లతోనే ఉంటానని ధర్మరాజు నరకంలో నిలబడతాడు. ద్రోణుడి దగ్గర ఆడిన ఆ మాటకే నీకు ఈ నరకదర్శనం అని ఇంద్రుడు తర్వాత చెబుతాడు. మంచివాడి ఒక్క సగం అబద్ధానికి కథ ఇంత వెల కట్టింది. విలన్ వంద అబద్ధాలాడినా ఈ బరువు రాదు. నిజం చెప్పాలంటే వయసు పెరిగేకొద్దీ నాకు కర్ణుడి కంటే ధర్మరాజే దగ్గరవుతున్నాడు.

విలన్ల మీద మోజు సంగతి వేరు. 1667లో వచ్చిన మిల్టన్ కావ్యం ప్యారడైజ్ లాస్ట్‌లో సాతాను పాత్ర ఎంత బలంగా వచ్చిందంటే, మిల్టన్ తనకు తెలియకుండానే సాతాను పక్షాన ఉన్నాడని తర్వాత విలియం బ్లేక్ రాశాడు. ఇలా ఎందుకు జరుగుతుందో 2020లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో రెబెకా క్రౌస్, డెరెక్ రకర్ ప్రచురించిన పరిశోధన కొంత చెబుతుంది. తమలాంటి లక్షణాలు ఉన్న విలన్ల వైపు జనం ఎక్కువ మొగ్గుతారని వాళ్లు గమనించారు. నిజ జీవితంలో మనలాంటి చెడ్డవాడు ఎదురైతే ఇబ్బందిగా ఉంటుంది, మనమూ అలాగేనా అని భయం వేస్తుంది. కథలో ఆ భయం ఉండదు కాబట్టి ధైర్యంగా దగ్గరకు వెళ్లి చూస్తాం. మా బృందంలో మాత్రం దీనికి తిరగబడిన ఉదాహరణ కూడా చూశాను. మెతకగా, ఎవరినీ ఒక్క మాట అనలేని ఒకాయనకు మాటకారి విలన్లంటే ప్రాణం. తాను ఎప్పుడూ నోరు తెరిచి అనలేని మాటలు వాళ్లు అంటారని ఆయనే చెప్పారు.

వెల చెల్లించడం అంటే శిక్ష పడటమే అని మాత్రం అనుకోవద్దు. హాలీవుడ్‌లో 1934 నుంచి గట్టిగా అమలై, 1968లో రద్దయిన నియమావళి ప్రకారం సినిమాలో నేరస్తుడి మీద సానుభూతి కలగకూడదు, నేరం లాభసాటిగా కనిపించకూడదు. అందుకని చివరి రీలులో విలన్లు తప్పనిసరిగా చచ్చేవాళ్లు, జైలుకు పోయేవాళ్లు. అలా పైనుంచి పడిన శిక్ష చూసి పాఠకుడు గానీ ప్రేక్షకుడు గానీ కదలడు. 1866లో వచ్చిన దోస్తోయెవ్‌స్కీ నేరము-శిక్షలో ఆరు భాగాలుంటే, హత్య మొదటి భాగంలోనే అయిపోతుంది. కోర్టు తీర్పు వచ్చేది అన్నీ ముగిశాక, ఉపసంహారంలో. మధ్యలో ఉన్న వందల పేజీలు ఆ హత్య చేసిన రాస్కోల్నికోవ్ తనలో తాను నలిగిపోవడమే. చదివేవాడికి కావాల్సింది అది.

ఈ మధ్య నా దగ్గరకు వస్తున్న రాతప్రతుల్లో ఒక ధోరణి నన్ను నిజంగా బాధపెడుతోంది. విలన్‌కు ఒక చేదు బాల్యం, తాగుబోతు తండ్రి, ఒక ఫ్లాష్‌బ్యాక్ పెట్టి దాన్ని గ్రే అంటున్నారు. హీరోకు సిగరెట్టు, రెండు బూతులు ఇచ్చి దాన్నీ గ్రే అంటున్నారు. ఫ్లాష్‌బ్యాక్ ఆ మనిషి ఎలా తయారయ్యాడో చెబుతుంది, అంతే. ఈరోజు, ఈ గదిలో, ఇంకో దారి ఉండి కూడా అతను ఏం చేశాడన్నది చెప్పదు. కష్టాలు పడి కూడా ఎవరినీ హింసించకుండా బతికేవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆ ఫ్లాష్‌బ్యాక్‌లు చదివినప్పుడు వాళ్లందరికీ అన్యాయం జరిగినట్టే నాకు అనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఇష్టం స్థిరంగా ఉండదు. ఇంట్లో జబ్బులు, చావులు, డబ్బు టెన్షన్ ఉన్న రోజుల్లో మా సభ్యులు చాలామంది మంచివాళ్లు గెలిచే కథలే అడిగారు. అందులో తక్కువతనం ఏమీ లేదు. మంచి గెలుస్తుందని ఒక పుస్తకమైనా చెప్పాలని మనిషికి గట్టిగా అనిపించే రోజులుంటాయి. అలాంటి పాఠకుడి కోసం రాయడం చిన్న పనేమీ కాదు.

అందుకే మీ హీరోను చెడగొట్టవద్దని నా సలహా. అతను మంచివాడిగానే ఉండనివ్వండి. అయితే అతని మంచితనం వల్ల అతనికి బాగా కావాల్సినవాళ్లకే నష్టం జరిగే చోటు ఒకటి నవలలో ఉందో లేదో చూసుకోండి. నిజం చెబితే తమ్ముడు జైలుకు పోవాలి, చెప్పకపోతే ముక్కూ మొహం తెలియనివాడు పోవాలి. అలాంటి చోటు. అక్కడ అదృష్టం వచ్చి కాపాడకూడదు, విలన్ ముందే చచ్చిపోయి చిక్కు తీర్చకూడదు. అతనే తేల్చుకోవాలి, ఆ తర్వాతి అధ్యాయాల్లో దాని బరువు కనిపిస్తూ ఉండాలి. ఆ అధ్యాయం రాసి ముందు అదే స్నేహితులకు ఇవ్వండి. హీరో నచ్చాడా అని అడగకండి, అతను చేసింది సరైనదేనా అని అడగండి. వాళ్లలో వాళ్లే రెండు పక్షాలుగా చీలి వాదించుకుంటే మీ నవలకు గ్రే షేడ్ అవసరం లేదు. అందరూ ఒకే మాట చెబితే మాత్రం ఆ అధ్యాయం మళ్లీ రాయండి. ఈసారి అతను వదులుకునేది ఇంకా పెద్దది కావాలి.