ఆరుబయట ఉద్యోగానికి వన్యప్రాణి నిర్వహణ చదువు

ప్రశ్న: రోజంతా గదిలో కూర్చుని చేసే ఉద్యోగం నాకు సరిపడదు. అడవుల్లో తిరిగే పని కావాలని ఉంది. డిగ్రీలో వన్యప్రాణి నిర్వహణ తీసుకుంటే అందుకు పనికొస్తుందా? లెక్కల్లో నేను అంతంతమాత్రమే.

జవాబు: తప్పకుండా పనికొస్తుంది. అయితే లెక్కల సంగతి మీరు చివర్లో చెప్పినా, నేను ముందు దాని గురించే చెప్పాలి. ఒక ప్రాంతంలో ఒక జాతి ప్రాణులు ఎన్ని ఉన్నాయి, పెరుగుతున్నాయా తరుగుతున్నాయా, అందుకు కారణమేమిటి అన్న ప్రశ్నల చుట్టూనే ఈ శాస్త్రం తిరుగుతుంది. అడవిలో ప్రతి ప్రాణినీ లెక్కించడం సాధ్యం కాదు కనుక, కొన్నింటిని పట్టి, గుర్తు వేసి వదిలి, మళ్లీ పట్టినప్పుడు వాటిలో గుర్తున్నవి ఎన్నో చూసి మొత్తం సంఖ్యను అంచనా వేస్తారు. మొదటిసారి 50 పక్షులకు ఉంగరాలు తొడిగారనుకుందాం. రెండోసారి వలలో పడిన 60 పక్షుల్లో 12, అంటే ఐదో వంతు, ఉంగరాలున్నవైతే, మొదటి 50 కూడా మొత్తంలో ఐదో వంతే అనుకుని లెక్కిస్తే, మొత్తం సుమారు 250 అని తేలుతుంది. ఇందులో ఉన్నది గుణకారం, భాగహారమే. కానీ ఈలోగా కొన్ని పక్షులు వలస పోయాయేమో, ఉంగరాలు ఊడిపోయాయేమో, ఒకసారి చిక్కినవి వలను తప్పించుకోవడం నేర్చాయేమో అని అనుమానించి, అంచనాను సరిదిద్దడానికి గణాంకశాస్త్రం కావాలి. ఆ పేపరును భయంతో వదిలేయకండి.

వృక్షశాస్త్రాన్ని కూడా చాలామంది విద్యార్థులు చిన్నచూపు చూస్తారు, అది నాకు బాధ కలిగించే విషయం. జింక ఏ గడ్డి మేస్తుందో, ఏ పొదలో పిల్లను దాస్తుందో తెలియనివారు దాని ఆవాసాన్ని కాపాడలేరు.

ఈ విద్యకు పునాది వేసినవారిలో ముఖ్యుడైన ఆల్డో లియోపోల్డ్ 1909లో అమెరికా అటవీ శాఖలో చేరి, ఏళ్ల తరబడి క్షేత్రంలో పనిచేసిన తర్వాతే, 1933లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. అందువల్ల కోర్సు ఎంచుకునేటప్పుడు క్షేత్ర శిక్షణ ఎన్ని వారాలు ఉంటుందో, జంతువు ఎక్కడ తిరుగుతుందో తెలుసుకోవడానికి దాని మెడకు కట్టే రేడియో కాలర్లు, జంతువు ఎదురుగా వస్తే వాటంతటవే ఫొటో తీసే కెమెరా ట్రాపులు, డిజిటల్ మ్యాపులతో విద్యార్థుల చేత స్వయంగా పని చేయిస్తారో లేదో తప్పక అడగండి.

ఉద్యోగం విషయంలో ఒకటి ముందే తెలుసుకోవాలి. అడవిలో ఎక్కువగా తిరిగేది కొత్తగా చేరినవారు, సీజనల్ సహాయకులు. హోదా పెరిగేకొద్దీ నివేదికలు, బడ్జెట్లు, సమావేశాలు ఎక్కువవుతాయి. మనుషులతో మాట్లాడటం కూడా ఈ పనిలో పెద్ద భాగమే. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానంలోకి 1995లో తోడేళ్లను తిరిగి తీసుకురావడానికి ముందు జీవశాస్త్రజ్ఞులు, అధికారులు చుట్టుపక్కల పశువుల పెంపకందారుల అభ్యంతరాలను ఎంతోకాలం వినవలసి వచ్చింది. పంట పోగొట్టుకున్న రైతు కోపాన్ని ఓపికగా వినగలగడం పాదముద్రలు గుర్తుపట్టడం కంటే తక్కువ నైపుణ్యమేమీ కాదు.

దరఖాస్తు చేసే ముందు, వీలైతే ఒక సీజన్ పాటు ఏదైనా పక్షుల గణనలో సహాయకులుగా చేరండి. ఒకే దారిలో రోజూ తెల్లవారుజామున నడుస్తూ, ఏమీ కనిపించని రోజున కూడా సున్నా అని శ్రద్ధగా రాసే పని మీకు నచ్చితే ఈ చదువులో చేరండి. ఆరుబయట తిరగడం మాత్రమే నచ్చి ఈ రాతపని విసుగనిపిస్తే, భూ సర్వే, భూగర్భశాస్త్రం వంటి ఇతర మార్గాలనూ పరిశీలించండి.