భీమవరంలో రొయ్యల మేత కంపెనీ సేల్స్ ఇంటర్వ్యూ: ఏం అడుగుతారు?

రాజోలు నుంచి ఒక తమ్ముడు అడిగాడు: బీకాం అయింది, భీమవరంలో రొయ్యల మేత కంపెనీ నుంచి సేల్స్ ఆఫీసర్ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది, ఇంగ్లీషు అంతంతమాత్రం, ఏం అడుగుతారు అని.

నేను ఆ లైన్లోనే ఉన్నాను. ఈమధ్య అప్పుడప్పుడు బల్లకి అటువైపు కూడా కూర్చోబెడుతున్నారు. కాబట్టి రెండు వైపులా చూసింది చెబుతాను.

ఇంగ్లీషు గురించి టెన్షన్ పెట్టుకోకు. హెచ్ఆర్ వాళ్లు ఫోన్లో నీ గురించి చెప్పమంటారు, నాలుగు ముక్కలు చాలు. అసలు ఇంటర్వ్యూ ఏరియా మేనేజర్‌తో, అది తెలుగులోనే నడుస్తుంది. మధ్యలో 'ఆయ్' అని దొర్లినా ఎవరూ నవ్వరు, ఆయనా ఇక్కడివాడే అయ్యుంటాడు. మొదటి ప్రశ్న దాదాపుగా "ఏ ఊరండి మీది?" అనే ఉంటుంది. ఊరికే పలకరింపు అనుకోకు. చించినాడ వంతెన దాటాక పాలకొల్లు, వీరవాసరం వైపు నీకెవరు తెలుసు, చెరువు గట్ల మీద తిరిగిన అలవాటుందా అని చూస్తున్నాడన్నమాట. మీ ఇంట్లోగానీ మేనమామలకిగానీ చెరువు ఉంటే తప్పకుండా చెప్పు. లీజుకి చేసి నష్టపోయినా చెప్పు. డిగ్రీ కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

తర్వాత లెక్క. నన్ను అడిగింది ఇది: ఎకరానికి రెండు టన్నుల పట్టుబడి (అంటే చెరువులోంచి పట్టిన రొయ్య), ఎఫ్‌సీఆర్ 1.4, ఎన్ని బస్తాల మేత పడుతుంది? ఎఫ్‌సీఆర్ అంటే తెలుసుగా, కిలో రొయ్య రావడానికి ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్క. 2,800 కిలోలు, 25 కిలోల బస్తా అయితే 112. కాగితం ఇవ్వలేదు, నోటితోనే చెప్పాలి. చెప్పగానే ఇంకోటి వేశారు: "పక్క కంపెనీ బస్తాకి వంద తక్కువకి ఇస్తోంది. రైతు మనదెందుకు కొనాలి?" ఇక్కడ 'మా క్వాలిటీ బాగుంటుందండి' అంటే సరిపోదు. మన మేతతో ఎఫ్‌సీఆర్ 1.3కి దిగితే 104 బస్తాలే పడతాయి. వంద చొప్పున 10,400 ఎక్కువైనా, మిగిలిన ఎనిమిది బస్తాల ఖరీదు అంతకు మించే ఉంటుంది. నిజంగా 1.3 వస్తుందా అంటారా, అది వేరే కథ. చెరువులో ఆక్సిజన్ లేకపోతే ఎంత ఖరీదైన మేతైనా అడుగున కుళ్లాల్సిందే. కానీ లెక్క కట్టి మాట్లాడే కుర్రాడు కావాలి వాళ్లకి.

ఆ తర్వాత మేనేజరే రైతైపోయాడు. కుర్చీలో వెనక్కి వాలి, "మీ మేత వేశాకే వైట్ గట్ వచ్చిందండి. పైసా ఇవ్వను, ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్నాడు. వైట్ గట్ అంటే రొయ్య పేగుకి వచ్చే జబ్బు. నేను చెక్ ట్రేలో (రొయ్య ఎంత తింటోందో చూడ్డానికి మేత వేసి చెరువులో దించే పళ్లెం) మేత ఎంత మిగులుతోందని, నీళ్లు ల్యాబ్‌లో ఎప్పుడు చూపించారని, బస్తా మీద బ్యాచ్ నంబరు చూద్దామా అని అడిగాను. ఇప్పుడు అటువైపు కూర్చున్నప్పుడు గమనిస్తున్నాను, మంచి మాటకారులు సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు. "మా మేతలో లోపమే ఉండదండి" అని వాదనకి దిగుతారు. రైతుకి కావలసింది ముందు గట్టు మీదకి వచ్చి చూసే మనిషి.

ఇక అన్నిటికంటే ముఖ్యం వసూలు. ఇక్కడ మేత ఎక్కువగా డీలర్ ద్వారా అరువు మీద వెళ్తుంది. రైతు పట్టుబడి అయ్యాక, అంటే మూడు నాలుగు నెలలకి కడతాడు. మధ్యలో జబ్బొచ్చి రొయ్య చిన్నగా ఉండగానే పట్టేస్తే డీలరూ ఇరుక్కుంటాడు, కంపెనీ కూడా. అందుకే ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తుంది: డీలర్ పాత బాకీ కట్టలేదు, నెలాఖరు, నీ టార్గెట్‌కి ఒక లోడు తక్కువైంది, వాడే ఆ లోడు అడుగుతున్నాడు, ఇస్తావా? 'ఇస్తాను' అంటే డబ్బు మీద భయం లేదంటారు, 'ఇవ్వను' అంటే అమ్మడం చేతకాదంటారు. పాతదాంట్లో కొంత కట్టించి, అంతమేరకే సరుకు పంపిస్తానని, అదీ మేనేజర్‌కి చెప్పే చేస్తానని అన్నాను. ఆయన తలూపి ఏదో రాసుకున్నాడు. నా సెలక్షన్ అక్కడే అయిపోయిందని ఇప్పటికీ నా నమ్మకం.

మార్కెట్ వార్తలు కూడా చూసుకుని వెళ్లు. 2025 ఆగస్టులో అమెరికా రొయ్యలతో సహా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది కదా, అలాంటప్పుడు మేత అమ్మకం ఎందుకు పడుతుందని అడగొచ్చు. ధర మీద నమ్మకం లేక రైతు చెరువులో రొయ్య పిల్ల వదలడం తగ్గిస్తాడు, అంతే.

సబ్బులు, బిస్కెట్ల కంపెనీలకీ వెళ్లాను. అమలాపురంలో రోజుకి ఎన్ని షాపులు తిరగగలవు, ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి తీసుకోమంటే ఏం చేస్తావు, అంతవరకే. ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో మాత్రం మేనేజర్ పోస్టని పిలిచి, కూర్చోగానే తెల్లకాగితం ఇచ్చి బంధువుల పేర్లు, ఫోన్ నంబర్లు రాయమన్నారు. టీ తాగి వచ్చేశాను.

చివర్లో "మీరేమైనా అడగాలా?" అంటే మొహమాటపడకు. హెడ్‌క్వార్టర్, అంటే నువ్వు ఉండి తిరగాల్సిన ఊరు, ఎక్కడిస్తారో అడుగు. ఆకివీడు అయితే ఒక బతుకు, కైకలూరు దాటితే ఇంకో బతుకు. పెట్రోలు కిలోమీటరుకి ఎంతిస్తారు, టార్గెట్ డీలర్‌కి దించిన సరుకు మీదా, రైతుకి వెళ్లినదాని మీదా, బాకీ ఆగితే ఇన్సెంటివ్ ఆపుతారా, ఇవన్నీ అడగొచ్చు. బండి, లైసెన్సు ఎలాగూ ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించు, కానీ అక్కడ వదిలి రాకు. డిపాజిట్ కట్టమంటే మాత్రం లేచి పాలకొల్లు బస్సెక్కేయ్.