ఆర్గానిక్ సింగిల్ మాల్ట్‌కి, అంటే ఒకే డిస్టిలరీలో మాల్ట్ బార్లీతోనే చేసిన విస్కీకి, ఎక్కువ డబ్బు పెట్టొచ్చా? బార్లీ పండిన నేల రుచి నిజంగా తెలుస్తుందా?

నేల తేడా తెలుస్తుంది. కానీ ఆర్గానిక్ అన్న ముద్ర ఒక్కటే చూసి మాత్రం కొనకండి, ఈ రెండూ వేరు వేరు సంగతులు.

నేను ఐర్లండ్‌లో ఉంటాను కాబట్టి వాటర్‌ఫర్డ్ విస్కీలు సులువుగానే దొరికాయి. స్కాట్లండ్‌లో బ్రూక్‌లాడీ అనే విస్కీ డిస్టిలరీని నడిపిన మార్క్ రేనియర్ ఇక్కడ పాత గిన్నెస్ బ్రూవరీని కొని 2015 చివర్లో మొదలుపెట్టిన డిస్టిలరీ అది. ఏ రైతు బార్లీని ఆ రైతుదిగానే విడిగా నిల్వ చేసి, విడిగా మాల్ట్ చేసి (అంటే మొలకెత్తించి ఆరబెట్టి), విడిగానే పీపాలకి ఎక్కించేవాళ్ళు. చెప్పడానికి తేలికే గానీ గోదాముల్లో అది ఎంత తలనొప్పో ఊహించుకోండి. మన ఇళ్ళల్లో కర్నూలు సోనా బియ్యమేనా అని అడిగి మరీ కొంటాం కదా, ఆ పట్టింపే ఇదీ.

బాలీకిల్‌కావన్ అని లీష్ కౌంటీ పొలానిది ఒకటి, బానో ఐలండ్ అని వెక్స్‌ఫర్డ్ సముద్రపు ఒడ్డుది ఒకటి, రెండిట్లోనూ ఆల్కహాల్ 50 శాతమే, పక్కపక్కన పోసుకుని తాగాను. మొదటిదాంట్లో కాల్చిన బిస్కెట్ వాసన, మధ్యలో లవంగం ఘాటు. రెండోది పలచగా, నిమ్మతొక్కలాగా మొదలై చివర్లో నాలుక మీద కాస్త ఉప్పదనం వదిలింది. నాలుగు చుక్కలు నీళ్ళు వేస్తే తేడా ఇంకా పెరిగింది.

ఇదంతా మన ఊహేమో అనిపిస్తే, 2021లో ఫుడ్స్ అనే జర్నల్‌లో వచ్చిన పరిశోధన ఉంది. ఒలింపస్, లారియేట్ అనే రెండు రకాల బార్లీని ఐర్లండ్‌లోనే ఏథీ దగ్గరా బన్‌క్లోడీ దగ్గరా పండించి, పీపాలో పెట్టకముందే ఆ స్పిరిట్‌ని పరీక్షించారు. రుచికి కారణమయ్యే 42 పదార్థాల్లో సగం మీద పొలం ప్రభావం కనిపించింది. ఖర్చు పెట్టినవాళ్ళలో వాటర్‌ఫర్డ్ కూడా ఉంది, అది గుర్తుపెట్టుకునే చదవండి. పీపాలోకి వెళ్ళాక ఓక్ చెక్క తన పని తను చేస్తుంది, అందుకే పీపా ఏంటో తెలియకుండా నేల రుచి గురించి మాట్లాడటం దండగ.

ఇక ఆర్గానిక్. రసాయన ఎరువులు వెయ్యరు, దిగుబడి తగ్గుతుంది, మాల్ట్ దగ్గర్నుంచి అన్నీ మామూలు బార్లీతో కలవకుండా చూడాలి. రేటు పెరిగేది అందుకే, రుచి పెరిగిందని కాదు. స్కాట్లండ్‌లో చేసే బెన్రోమాక్ ఆర్గానిక్‌ని కొత్త ఓక్ పీపాల్లో ఉంచుతారు, నాకు అందులో వెనీలానే ముందు తగిలింది, బార్లీ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. అయినా నేల బాగుండాలని అనుకుంటే ఆ డబ్బు దండగ కాదు, నేనైతే సంతోషంగానే పెడతాను. స్కాచ్‌కి బార్లీ స్కాట్లండ్‌లోనే పండాలన్న రూలే లేదు, కాబట్టి పొలం పేరు చెప్పేవాళ్ళంటే నాకు గౌరవం.

వాటర్‌ఫర్డ్ 2024 నవంబర్లో, అప్పు వసూలు కోసం పెట్టే రిసీవర్ల చేతికి వెళ్ళింది, చాలా బాధేసింది. పాత స్టాకు ఎక్కడైనా కనబడితే ఒకే పొలానివి రెండు కొనకుండా, వేర్వేరు పొలాలవి రెండు తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. ఇండియాలో అమృత్ విస్కీతో ఈ పోలిక కష్టం. బార్లీ ఎక్కువగా మనదే, రాజస్థాన్, పంజాబ్ వైపు పండిందే, కానీ బెంగళూరు వేడికి పీపా రుచి చాలా త్వరగా ఎక్కేస్తుంది.