షెడ్డు కాడ: ట్రాక్ మీద మొదటి రోజు

యాభై ఒకటో ఏట నా పాత పెట్రోల్ స్విఫ్ట్ తోలుకొని రేస్ ట్రాక్ మీదికి పోయొచ్చినానని పోయిన నెల ఈ పేజీలో ఒక ముక్క రాసినాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఇన్నేండ్లలో మైలేజీ గురించి రాసినప్పుడు కూడా రాలేదు. క్లచ్చి, ఏసీ ప్రశ్నలు పంపినవాళ్లు ఈ ఒక్క నెలకు ఓర్చుకోండి.

ప్రశ్న: అన్నా, నాది 2018 ఐ20. మా అమ్మానాన్నలను కొండకు తీసుకుపోయేది నేనే. తిరుమల ఘాట్ రోడ్డు ఎన్నిసార్లు ఎక్కి దిగినానో లెక్కే లేదు. వచ్చే నెల శ్రీపెరంబుదూరు దగ్గర ట్రాక్ డేకి, అదే, మన కార్లను రేస్ ట్రాక్ మీద తోలనిచ్చే రోజుకు, పేరిచ్చినాను. "ఘాట్ దిగేదానికి ట్రాక్ ఒక లెక్కా" అంటున్నారు మా బ్యాంకులో వాళ్లు. నిజమేనా? కారుకు ఏమేం చేయించాలి?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, వాళ్లు చెప్పింది సగం నిజం. ఆ సగంతోనే చిక్కు.

కొండ దిగేటప్పుడు మనం ఏం చేస్తాం? రెండో గేర్లో వేసి, బండి బరువును ఇంజన్‌కు అప్పజెప్పి, బ్రేకును అప్పుడప్పుడు తాకీ తాకకుండా తాకుతాం. పైన టైము వేసిన చీటీ ఇస్తారు, 40 నిమిషాల కంటే ముందు కిందికి దిగితే జరిమానా. తొందరగా వచ్చినవాడిది తప్పు అని ముద్ర కొట్టి చెప్పే దారి అది. ఇన్నేండ్లూ ఆ దారి మన కాలికి నేర్పింది ఒక్కటే, బ్రేకును మురిపెంగా వాడడం. ట్రాక్ మీద మొట్టమొదట మరిచిపోవాల్సింది కూడా అదే.

అక్కడ బ్రేకు మలుపులో వేసేది కాదు. మలుపుకు ముందే, స్టీరింగ్ తిన్నగా ఉండగానే, గట్టిగా ఒక్క తొక్కు. వేగం దిగినాక కాలు మెల్లగా వదులుతూ తిరగాలి. గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని చేసిందంటే పెడల్ కింద గరగరమంటుంది, పాదం అదురుతుంది. ఏదో విరిగిందని కాలు తీసేయొద్దు. నేను తీసేసినాను. ఇరవై ఆరేండ్లుగా చిత్తూరులో, వేలూరు రోడ్డులో షెడ్డు నడుపుతున్న మనిషిని, కొన్ని వందల కార్ల ఏబీఎస్ బాగు చేసినవాణ్ణి, నా సొంత కారులో అది పూర్తిగా పట్టుకోవడం చూసింది ఆ రోజే. రోడ్డు మీద అంత తొక్కు తొక్కే పని ఎప్పుడు పడింది గనక?

రెండో సంగతి ఇంకా తమాషా. ట్రాక్ అంతా మనదే, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. కుడి మలుపుకు ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి మూలను రాసుకుంటూ పోయి, మళ్లీ ఎడమ అంచుకు రావాలి. అట్లా గీసినప్పుడే మలుపు వెడల్పవుతుంది, బండి తక్కువ తిరుగుతుంది. నేనేమో ఎడమ పక్కనే అంటిపెట్టుకొని పోతా ఉన్నాను. ఎడమ మలుపు వచ్చిందంటే కుడి అంచుకు పోవడానికి చేయి రాదు. పైగా ప్రతి మలుపులో హారన్ కొడుతున్నానట, నాకు తెలియనే తెలియదు! పక్క సీట్లో కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్, మద్రాసు కుర్రవాడు, రెండు చుట్లు ఓర్చుకొని, "సార్, ఎదురుగా ఎవరూ రారు సార్" అన్నాడు. ఆ మాటతో నా భుజాలు దిగినాయి.

మీకు కూడా ఇన్‌స్ట్రక్టర్‌ను ఇస్తామంటే తప్పకుండా కూర్చోబెట్టుకోండి. సిగ్గు వద్దు. కన్ను ఎక్కడ పెట్టాలో చెప్పేది ఆయనే. మనం బానెట్ ముందరి పది గజాలు చూస్తాం. గంటకు 100 వేగంలో బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. అంటే మనం చూసిన చోటు చూసేలోపే వెనకబడిపోతుంది. మలుపులోకి దిగేటప్పటికే చూపు మలుపు బయటికి పోయుండాలి.

ఇక కారు సంగతి. మొదటి పని, చివరి పని, ఒక్కటే చేయించగలిగితే ఆ ఒక్క పని: బ్రేక్ ఆయిల్ మార్పించండి. మనం ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం డబ్బా తెరిచినప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టినాక 155కే మరగొచ్చు. డాట్ 3 అయితే 205, తేమ పడితే 140. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. మీ కాలు బుడగలను నొక్కుతుంది, చక్రానికి ఏమీ అందదు. వేగం రెండింతలైతే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగింతలు. 60 నుంచి ఆపడానికీ 120 నుంచి ఆపడానికీ అంత తేడా. ఊర్లో మూడేండ్లు పనికొచ్చిన ద్రవం అక్కడ పది నిమిషాలకే చేతులెత్తేస్తుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పేది కాదు. ఊరందరి కార్లకూ ఆ ద్రవం మార్చే నేను, నా బండికి మార్చి నాలుగేండ్లయింది. నాలుగో చుట్టులో, పొడుగాటి దారి చివర, పెడల్ మెత్తగా నేల దాకా పోయింది. ఆ అరక్షణం ఎట్లుంటుందో చెప్పలేను. టపటపమని నాలుగైదు తొక్కులు తొక్కినాక కొంచెం పట్టింది. గేర్లు దించుకుంటూ, ఇండికేటర్ వేసుకుంటూ నింపాదిగా పిట్‌లోకి, అదే, ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోటికి, వచ్చేసినాను. మా మేనల్లుడు ముందు చక్రాల దగ్గర ముక్కు పెట్టి, "మామా, దోసె మాడినట్టుంది" అన్నాడు. ఆ పూటంతా నాకు ట్రాక్ లేదు. ఎండలో గొడుగేసుకొని మిగతావాళ్ల కార్లు చూసుకుంటూ కూర్చున్నాను.

ప్యాడ్లు సగానికి పైగా ఉండాలి. టైర్లు పగిలుండకూడదు, ఎన్నేండ్లవో పక్కన అచ్చేసిన నాలుగంకెల్లో చూసుకోండి, మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. చక్రాల బోల్టులు టార్క్ పానాతో బిగించండి, కారు పుస్తకంలో రాసినంతే. కాలితో తొక్కి బిగించే అలవాటు మా షెడ్లలో ఉంది, అది అక్కడ వద్దు. గాలి విషయంలో నేను పొద్దున 32 పెట్టుకున్నాను, సెషన్ అయి వచ్చి చూస్తే వేడికి 38 ఎక్కింది. కొంచెం దించుకున్నాను. సాయంత్రం చల్లారినాక మళ్లీ నింపకుండా ఇంటికి బయలుదేరకూడదు, ఇది చాలామంది మరిచిపోతారు.

సీటు కింది నీళ్ల సీసా, వెనక స్టెప్నీ, జాకీ, డ్రైవర్ కాలి కింది మ్యాట్, అన్నీ గుడారంలో దించేయండి. సీసా దొర్లి బ్రేకు కిందికి పోతే ద్రవం ఎంత కొత్తదైనా లాభం లేదు. చెప్పులతో పోవద్దు, పలచటి అడుగున్న బూట్లు, నిండు చేతుల నూలు చొక్కా, ముఖం కప్పే హెల్మెట్. పెట్రోలు అర ట్యాంకుకు తగ్గనీయకండి. ఊర్లో 17 ఇచ్చే నా బండి అక్కడ లీటరుకు 6 ఇచ్చింది.

సెషన్ చివరి చుట్టు బ్రేకులు తాకకుండా నెమ్మదిగా తిరగండి, గాలి తగిలి చల్లబడనీ. నిలబెట్టినాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు. గేర్లో వేసి చక్రం కింద రాయి పెట్టండి.

ప్రశ్న: సార్, కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. జీరో డిప్రిసియేషన్ కూడా తీసుకున్నా. ట్రాక్‌లో తగిలితే క్లెయిమ్ వస్తుంది కదా?
– గిరింపేట, చిత్తూరు

జవాబు: రాదు తమ్ముడూ. పాలసీ తీసి "వాడకానికి పరిమితులు" అన్న చోట చదువు. నిర్వహించే రేసులు, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ వీటికి వర్తించదని ప్రైవేటు కారు ప్యాకేజీ పాలసీలో అచ్చేసే ఉంటుంది. నువ్వు కట్టిన జీరో డిప్రిసియేషన్ ఆ గీత దాటదు. ట్రాక్ వాళ్లు కూడా పొద్దున్నే, నష్టమేదైనా నాదేనని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. నా లెక్క ఏమిటంటే, గోడకు తగిలితే సొంత డబ్బుతో బాగు చేయించుకోలేని కారును తీసుకుపోవద్దు. ఈఎంఐ నడుస్తున్న కారైతే అసలే వద్దు. ఈ మాట చెబితే మా మేనల్లుడు కోపగించుకున్నాడు, వాడిది ఈఎంఐ కారే.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయికి ఇరవై రెండు. రేస్ ట్రాక్‌కు పోతానని పట్టుబడుతున్నాడు. వాళ్ల నాన్న వద్దంటున్నారు. మీలాంటి పెద్దవాళ్లే ఇట్లా రాస్తే పిల్లలు ఎవరి మాట వింటారు?
– ఒక తల్లి, రేణిగుంట

జవాబు: మీ కోపం న్యాయమే అక్కా. ఎముక విరిగితే పుత్తూరులో కట్టు కట్టించుకొని రావచ్చులెమ్మని మా ఆవిడ నన్ను సాగనంపింది.

అయినా ఒకటి అడుగుతాను. మీ వాడు రాత్రి పదకొండుకు బైపాస్ మీద ఎంత వేగంలో పోతున్నాడో మీకు తెలుసా? అక్కడ లారీ రివర్స్ తీసుకుంటుంది, ఆవు పడుకొనుంటుంది, టార్చి లేకుండా మనిషి దాటుతాడు. ట్రాక్‌లో ఇవేవీ ఉండవు. అంబులెన్స్, మంటలార్పేవాళ్లు, జెండాలతో మార్షళ్లు ఉంటారు, అందరూ ఒకే వైపు పోతారు. రోడ్డు మీద రేసు పెట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ఉంది, మొదటిసారికే మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 దాకా జరిమానా గానీ, రెండూ గానీ.

మీకు నిజంగా భయం ఉండాల్సింది తిరిగొచ్చే దారి గురించి. దినమంతా 130, 140 చూసిన కంటికి, రోడ్డు మీద 100 నడకలాగా అనిపిస్తుంది. నేను సాయంత్రం బయటికొచ్చి, చెన్నై–బెంగళూరు రోడ్డెక్కి, కాంచీపురం దాటేలోపే రెండుసార్లు మీటర్ చూసుకొని ఉలిక్కిపడినాను. ఒక చోట ఆపి, కాఫీ తాగి, అరగంట ఊరికే కూర్చున్నాను. మీ వాణ్ణి పంపేటట్టయితే, తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వాలని షరతు పెట్టండి. వాళ్ల నాన్నగారే పోతే ఇంకా మంచిది. పొద్దున పోయేటప్పుడు ముఖం ముడుచుకున్న తండ్రులు మధ్యాహ్నానికి స్టాప్‌వాచ్ పట్టుకొని నిలబడడం నేను కళ్లారా చూసినాను.

ప్రశ్న: వెనక నుంచి పెద్ద కార్లు వస్తే పక్కకు జరగాలా? జెండాలన్నీ గుర్తుంటాయా? ఇంతకూ ఆ ట్రాక్ ఎంత పెద్దది?
– పలమనేరు

జవాబు: జరగొద్దు. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు అదే, భయపడి ఉన్నట్టుండి పక్కకు కోస్తారు. వెనకవాడు కూడా అటే వస్తుంటే అయిపోయె. మీ గీత మీద మీరు పోండి. తిన్నటి దారి వచ్చినప్పుడు ఎటు నుంచి పోవాలో చేత్తోనో ఇండికేటర్‌తోనో చూపించి, యాక్సిలరేటర్ కొంచెం వదలండి. మలుపుల్లో దాటుకోవడం మొదటి రోజువాళ్లకు ఉండదు. నన్ను ఆ రోజు అందరూ దాటినారు, ఒక ఆల్టో కూడా. మొదట రోషం వచ్చింది. తరవాత దాని వెనకే పోయి, అతను ఎక్కడ బ్రేకు వేస్తున్నాడో చూసి నేర్చుకున్నాను.

జెండాల గురించి పొద్దున క్లాసు ఉంటుంది, దానికి ఆలస్యంగా పోతే ట్రాక్ ఎక్కనివ్వరు. పసుపు అంటే ముందర ఏదో జరిగింది, నెమ్మది, దాటొద్దు. ఎరుపు అంటే సెషన్ ఆగింది, మెల్లగా లోపలికి రండి. నీలం అంటే వెనక వేగంగా ఒకడున్నాడు. గళ్ల జెండా అంటే అయిపోయింది. నల్లది మీకే చూపిస్తే మీ బండిలోనో మీ నడకలోనో తేడా ఉందని, లోపలికి వచ్చి మాట పడాలి.

ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ ఫ్యాక్టరీ దగ్గర్లో ఉంటుంది ఆ ట్రాక్, చుట్టు 3.7 కిలోమీటర్లు. 1990లో తెరిచినారు. అంతకు ముందు మద్రాసు రేసులు షోళవరంలో పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు గానీ, పాతవాళ్ల నోట ఇంకా ఎమ్మెమ్మార్టీనే, అంటే మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్.

ప్రశ్న: మామా, కొత్త కారుకు అలిపిరిలో పూజ చేయించినాము. డ్యాష్‌బోర్డు మీద స్వామి, ముందు నిమ్మకాయ, మిరపకాయలు. ట్రాక్‌కు పోయేటప్పుడు తీసేయాలంటారా? మా నాయనమ్మ ఒప్పుకోదు.
– శ్రీకాళహస్తి

జవాబు: స్వామిని తీసి బ్యాగులో భద్రంగా పెట్టుకో అల్లుడూ, రెండు వైపులా అతికించే టేపు ఆ బ్రేకులకు ఆగదు. నిమ్మకాయలు కూడా విప్పేయమని నాయనమ్మకు నేను చెప్పినానని చెప్పు. నేను విప్పలేదు. మధ్యాహ్నం సెషన్ మధ్యలో ఒక మార్షల్ గుడారం కాడికి వచ్చి, నల్లదారం, ఐదు మిరపకాయలు చేతిలో పెట్టి, ఇవి మీవేనా అని తమిళంలో అడిగినాడు. మావే అన్నాను. నిమ్మకాయ మాత్రం దొరకలేదన్నాడు.