పిల్లల పక్కనే టీచర్లనీ కూర్చోబెట్టమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నాకు అదే ఆలోచన. 12 హైస్కూళ్లు, స్కూలుకో బయాలజీ టీచరు, ముగ్గురేసి తొమ్మిదో తరగతి పిల్లలు, మే నెలలో మూడు రోజుల బయోటెక్నాలజీ శిక్షణ. నా దగ్గర చదువుకున్న పిల్ల ఇంత పని తలకెత్తుకుందంటే ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఏ కిట్లు కొనాలని అడిగావు. అది తర్వాత చెప్తాను. ముందు ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకో. టీచర్లకి ఒక గది, పిల్లలకి ఇంకో గది అని ప్లాన్ వేసుకున్నానన్నావే, దాన్ని మార్చెయ్.

ఎందుకో చెప్తాను. నా సర్వీసులో చాలా శిక్షణలకి వెళ్లాను. ఒకచోట కరెంటుతో డీఎన్ఏ ముక్కల్ని వేరుచేసే జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ మిషన్ ముందు ఒకాయన నిలబడి అంతా తనే చేశాడు. చుట్టూ నలభై మందిమి మెడలు సాచి చూశాం, టీ తాగాం, సర్టిఫికెట్లు పట్టుకుని బస్సెక్కాం. తర్వాత అలాంటి మిషనే మా స్కూలుకీ వచ్చింది. బీరువాలో పెట్టి తాళం వేశాం. పాడైతే జీతంలో కోస్తారేమోనని ఎవరం ముట్టుకోలేదు. మా చేతుల్తో ఒక్కసారి వాడి ఉంటే ఆ భయం ఉండేది కాదు. ఆ బీరువా ముందు నుంచి ఎన్ని బ్యాచ్‌ల పిల్లలు వెళ్లిపోయారో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి ఒక బల్లకి ఒక టీచరు, ముగ్గురు పిల్లలు. నలుగురికీ కలిపి ఒకటే పిపెట్, అంటే ద్రవాన్ని కొలత ప్రకారం పీల్చి వదిలే గొట్టం. మొదటి వంతు టీచరుది, అదీ పిల్లలు చూస్తుండగా. టీచర్లు మొహమాటపడతారు, ముందు రోజు మాకు విడిగా నేర్పించండి అంటారు. ఒప్పుకోవద్దు. పిల్లల ముందు తప్పు చేసి, వాళ్ల ముందే సరిదిద్దుకున్న టీచరు జూన్‌లో స్కూలు తెరిచాక ధైర్యంగా ల్యాబ్ తలుపు తీస్తుంది.

మొదటి పూటంతా మైక్రోపిపెట్‌కే ఇవ్వు. రంగు కలిపిన నీళ్లు చాలు. 100 మైక్రోలీటర్ల దగ్గర సెట్ చేసి, ఒక చిన్న మూతలోకి పదిసార్లు వదలమను. ఆ మూతని బంగారం కొట్లో వాడేలాంటి చిన్న డిజిటల్ తూకం మీద పెట్టు. ఒక మైక్రోలీటరు నీళ్లు ఒక మిల్లీగ్రాము తూగుతాయి కనుక మూత బరువు తీసేస్తే సరిగ్గా 1 గ్రాము రావాలి. నేను సాయానికి వెళ్లిన ఒక శిక్షణలో ఇరవై ఏళ్ల సర్వీసున్న టీచరమ్మకి 1.18 వచ్చింది. ఆవిడ మొహం చిన్నబోయింది. పక్కనున్న అమ్మాయి మెల్లగా, "టీచర్, పీల్చేటప్పుడు మీరు రెండో స్టాప్ దాకా నొక్కారు" అంది. నిజమే. బటన్‌కి రెండు మెట్లుంటాయి. పీల్చడానికి మొదటి మెట్టు దాకానే నొక్కాలి, మిగిలిన చుక్క కూడా బయటికి వెళ్లగొట్టడానికి రెండోది. ఆవిడ మళ్లీ చేసింది, 1.01 వచ్చింది. ఆ తర్వాత మూడు రోజులూ ఆ ఇద్దరూ ఒకరి పని ఒకరు చూసుకుంటూ చేశారు. నీ పన్నెండు బల్లల దగ్గరా ఇలా జరగాలి.

పిపెట్‌లో ద్రవం ఉండగా దాన్ని పడుకోబెట్టకూడదని, వేలితో బటన్‌ని టక్కున వదిలెయ్యకూడదని మొదట్లోనే చెప్పు. ద్రవం గొట్టంలోకి ఎక్కితే అది పాడవుతుంది.

రెండో పూట అరటిపండు డీఎన్ఏ. నీకు తెలిసిందే అయినా కొలతలు రాస్తున్నాను. అర గ్లాసు నీళ్లలో ఒక చెంచా ఉప్పు, రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలపాలి, నురుగు రానివ్వకుండా. జిప్ కవర్లో మెత్తగా నలిపిన సగం అరటిపండు అందులో వేసి పది నిమిషాలు ఉంచాలి. పల్చటి గుడ్డలో వడకట్టి, టెస్ట్‌ట్యూబ్‌లో రెండు వేళ్ల ఎత్తు పోసుకోవాలి. ట్యూబ్‌ని వంచి, బాగా చల్లబరిచిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గోడ వెంబడి మెల్లగా జార్చాలి. కలపకూడదు. రెండు మూడు నిమిషాల్లో ఆ రెండు పొరలూ కలిసేచోట తెల్లటి దారాలు పైకి లేస్తాయి.

నేను మొదటిసారి చేసినప్పుడు రాలేదు. మెడికల్ షాపు నుంచి స్పిరిట్ తెచ్చాను, అందులో నీళ్ల పాలు ఎక్కువ. పైగా ఎండలో నా బ్యాగులో వేడెక్కి ఉంది. క్లాసులో నలభై ఐదు మంది పిల్లలు ట్యూబ్ వంకే చూస్తున్నారు. నేను వాళ్లకి నిజం చెప్పకుండా, టైమైపోయిందని పంపించేశాను. అది నా తప్పు. ఎందుకు రాలేదో వాళ్లతో కలిసి వెతికి ఉంటే ఆ రోజు వాళ్లు అసలైన సైన్సు నేర్చుకునేవాళ్లు. నీ శిక్షణలో ఏ బల్ల మీదైనా రాకపోతే, ఆ బల్ల దగ్గరికే అందర్నీ పిలువు. ఆల్కహాల్ పల్చగా ఉందా, చల్లగా లేదా, కుదిపేశారా, సబ్బు మరిచిపోయారా అని పిల్లల చేతే అడిగించు.

కెమికల్ షాపులో 99 శాతం ఐసోప్రొపైల్ అని అడిగి తీసుకో. ఐసు ముక్కలు నింపిన థర్మోకోల్ పెట్టెలో చల్లబరుచుకో, ఇంటి ఫ్రిజ్‌లో పెట్టొద్దు. దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. ఇంకో మాట. ప్రారంభోత్సవానికి జ్యోతి వెలిగిస్తారు కదా, ఆ దీపం ఉన్న గదిలో ఆ సీసా మూత తియ్యొద్దు. కావాలంటే జ్యోతిని వరండాలో పెట్టించు.

ఆ తెల్ల దారాల్ని చూపించి "ఇదే డీఎన్ఏ" అని చెప్పి ఊరుకోకు. అందులో పండులోని జిగురు పదార్థం పెక్టిన్ ఉంటుంది, ప్రొటీన్లు ఉంటాయి, ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది, వాటితోపాటే డీఎన్ఏ కూడా. అరటిపండు వెయ్యని సబ్బు నీళ్ల ట్యూబ్ ఒకటి పక్కన పెట్టు, అందులో దారాలు రావు. కంట్రోల్ అంటే, పోల్చి చూడటానికి పెట్టే నమూనా అంటే ఏమిటో అక్కడే తెలిసిపోతుంది. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అరటిపండు తింటే ఆ డీఎన్ఏ మన ఒంట్లో చేరుతుందా అని. అడిగితే మెచ్చుకో. కడుపులో, పేగుల్లో ముక్కలై అరిగిపోతుందని చెప్పు. మనిషి కణం ఒక్కదాంట్లో దాదాపు 2 మీటర్ల డీఎన్ఏ ఉంటుంది. ఒక్కో బల్లకీ 2 మీటర్ల కుట్టుదారం ఇచ్చి పెన్ను మూతలో పట్టించమను. చుట్టకుండా పట్టదని వాళ్లకే తెలుస్తుంది.

రెండో రోజు జెల్ చెయ్యి, కానీ ఖరీదైన మిషన్ అక్కర్లేదు. చిన్న ప్లాస్టిక్ టిఫిన్ బాక్సు, రెండు వైపులా స్టీలు తీగ, వరసగా కలిపిన ఐదు 9 వోల్టుల బ్యాటరీలు. కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాసే (అగర్) మన జెల్. లీటరు నీళ్లకి 2 గ్రాముల వంట సోడా కలిపి, ఆ నీళ్లు 100 మిల్లీలీటర్లు తీసుకుని 1 గ్రాము చైనా గ్రాస్ వేసి కాచి పోయాలి. గడ్డకట్టే ముందు దువ్వెన పళ్లలాంటి ప్లాస్టిక్ ముక్క గుచ్చితే గుంటలు పడతాయి. మిగిలిన సోడా నీళ్లు జెల్ మునిగేదాకా పోయాలి. వంటల్లో వాడే రంగుల్లో చుక్క గ్లిజరిన్ కలిపి ఆ గుంటల్లో పిపెట్‌తో నింపాలి. గ్లిజరిన్ లేకపోతే రంగు అడుక్కి దిగదు. ఆకుపచ్చ రంగు తప్పకుండా పెట్టు. కాసేపటికి అది పసుపు, నీలం గీతలుగా విడిపోతుంటే పిల్లలు బల్ల మీదికి ఎక్కినంత పని చేస్తారు. ఆ రంగుల్లాగే డీఎన్ఏకీ రుణావేశం ఉంటుంది కనుక ప్లస్ వైపే నడుస్తుందని, చిన్న ముక్కలు ముందు పోతాయని అప్పుడు చెప్పు. మన దేశంలో హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనశాలలో లాల్జీ సింగ్ అభివృద్ధి చేసిన, డీఎన్ఏతో మనుషుల్ని గుర్తుపట్టే డీఎన్ఏ ఫింగర్ ప్రింటింగ్‌కి మూలం ఇదేనని చెప్తే పేపర్లో చదివే కేసులు వాళ్లకి అర్థమవుతాయి. సోడా బదులు ఉప్పు వాడొద్దు, క్లోరిన్ వస్తుంది. గోడ ప్లగ్గు కరెంటు అసలే వద్దు.

పీసీఆర్‌కి, అంటే కొద్దిపాటి డీఎన్ఏకి కోట్ల కాపీలు తీసే పద్ధతికి, మిషన్ తేలేం. కానీ కోవిడ్ రోజుల్లో ఆ మాట వినని ఇల్లు లేదు. ఒక కాగితం ముక్కని రెండు, రెండుని నాలుగు చేసుకుంటూ పోతే 30 సార్లకి 107 కోట్లు దాటుతుందని లెక్క వేయించు, చాలు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది మూడో రోజు పని. దానికి నువ్వు ఇప్పుడే, అంటే శిక్షణకి నలభై ఐదు రోజుల ముందే మొదలుపెట్టాలి. పది కుండీల్లో అలసందలు వెయ్యి. మట్టి నర్సరీలో కొనకు, వేరుశనగ పండించిన చేలోంచి తెప్పించు. వేళ్లకి బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకి అందించే రైజోబియం బ్యాక్టీరియా ఆ మట్టిలో ఉంటుంది. ఐదు కుండీలకి మామూలు నీళ్లు, ఐదింటికి వారానికోసారి కాస్త యూరియా కలిపిన నీళ్లు. మూడో రోజు మొక్కల్ని పీకకుండా కుండీ బోర్లించి, మట్టి కడిగి వేళ్లు చూపించు. యూరియా వేసిన వాటికి బుడిపెలు తక్కువగా ఉంటాయి. మామూలు వాటి బుడిపెని బ్లేడుతో కోస్తే లోపల లేత ఎరుపు కనిపిస్తుంది. అది లెగ్‌హిమోగ్లోబిన్, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కి చుట్టం. ఎర్రగా ఉంటే నత్రజని పట్టే పని జరుగుతున్నట్టు, ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉంటే ఆగిపోయినట్టు. ఒకసారి ఒక రైతు బిడ్డ ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని, "మా బుడ్డల (వేరుశనగ) చేలో వేలకి వేలు ఇవే పీకి పారేశాం సార్" అన్నాడు. బయోటెక్నాలజీ అంటే జీనోమ్ వ్యాలీలో అద్దాల మేడలే అనుకునే పిల్లవాడికి తన పొలం కూడా అందులోదేనని అప్పుడు తెలిసింది. జీ-9 అరటి మొక్కలు ల్యాబ్‌లో చిన్న ముక్క నుంచి పెంచిన టిష్యూ కల్చర్‌వేనని, 1997లో మన శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా ఈస్ట్‌లో తయారైందేనని ఆ వేడిలోనే చెప్పెయ్.

చెయ్యకూడనివి కూడా రాసి గోడకి అంటించు. గొంతు, ముక్కు, పుండ్ల నుంచి శాంపిల్ తీసి బ్యాక్టీరియా పెంచడం వద్దు. బ్యాక్టీరియా పెంచే మూత పళ్లేలు, పెట్రి డిష్‌లు వాడితే టేపు వేసి మూసెయ్యాలి, మళ్లీ తెరవకూడదు. అవి అయిపోయాక ప్రెషర్ కుక్కర్లో విజిల్ వచ్చాక సన్నటి మంట మీద 20 నిమిషాలు ఉంచి పారెయ్యాలి. ఆ కుక్కర్ని ఇక వంటకి వాడకూడదు. బ్యాక్టీరియాలో జన్యువులు చొప్పించి మెరిపించే కిట్లు ఎవరైనా అమ్మజూపితే వద్దను. వాటికి నిబంధనలున్నాయి, బయోసేఫ్టీ కమిటీ ఉన్న సంస్థల్లో చెయ్యాల్సిన పని అది.

ఇక నీ కిట్ల డబ్బు. సగం డబ్బుతో కొలత మార్చుకునే వేరియబుల్ మైక్రోపిపెట్లు, వాటి మొనకి తొడిగే టిప్పులు, ఆ చిన్న తూకాలు కొను. మిగతా సగంతో మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ పెట్టెలు 12 కొని, మూడు రోజులు వాడినవన్నీ అందులో సర్ది ఏ స్కూలు పెట్టె ఆ స్కూలుకి ఇచ్చి పంపు. పెట్టె మీద టీచరు పేరుతోపాటు ఆ ముగ్గురు పిల్లల పేర్లూ రాయించు. పగిలితే ఎవర్నీ అడగబోమని ప్రధానోపాధ్యాయుడి సంతకంతో ఒక కాగితం లోపల పెట్టు. సెప్టెంబరులో నువ్వే వెళ్లి పెట్టెలు తెరిచి చూడు, టిప్పులు అయిపోయిన స్కూళ్లకి ముందు సర్దు.

చేని మట్టి నేను పంపిస్తాను, శనివారం మొదటి బస్సులో రెండు గోతాలు వస్తాయి. అలసంద గింజలు కూడా అందులోనే పెట్టాను, నానబెట్టకుండా వెయ్యి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు